వాగు ఎండిన తరువాత



మాది మోత్కూరు. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా, 2016కు ముందు నల్లగొండ జిల్లా. సముద్రం మాకు చాలా దూరం. తుఫాను అనే మాట మా ఊరికి రేడియోలోనే తెలుసు. బందరు దగ్గరో నెల్లూరు దగ్గరో తుఫాను తీరం దాటుతుందని వార్తల్లో చెప్తే మా నాయిన వాకిట్లోకి వచ్చి తూర్పు దిక్కు చూసేవాడు. ఆ తుఫాను తోకన మాకు రెండు వానలు పడితే కంది చేను నిలబడుతుందని ఆయన ఆశ. అక్కడ ఎవరి ఇల్లు కూలుతుందోనని మా అమ్మ దిగులు. ఆ పూట ప్రార్థనలో ముందు ఆ తీరం వాళ్ల పేరు చెప్పి, తరువాతే మా చేను సంగతి దేవునికి చెప్పేది.

ఆదివారం ఆరాధనలో గలిలయ సముద్రం మీద గాలివాన కథ చదివినప్పుడల్లా నేను శ్రద్ధగానే వినేవాణ్ణి. పడవలోకి నీళ్లు ఎక్కుతుంటాయి, ప్రభువు వెనక భాగాన తలగడ మీద నిద్రపోతుంటాడు, శిష్యులు ఆయన్ను లేపుతారు. గొప్ప కథ. కానీ చిన్నప్పుడు అది నాది అనిపించేది కాదు. చెరువులో చేపలు పట్టేవాళ్ల తెప్ప తప్ప నేను పడవ చూసినవాణ్ణి కాదు. మా తుఫాను వేరు. మా దగ్గర నీళ్లు వచ్చి ముంచవు, రాకుండా ముంచుతాయి. మిరుగం దాటుతుంది, ఆరుద్ర దాటుతుంది, పునర్వసు దాటుతుంది. పెట్టిన విత్తనం మట్టిలోనే మాడుతుంది. ఉరుము లేదు, మెరుపు లేదు. ఒకనాడు పక్కింటివాళ్లు ఎద్దులను సంతకు తోలుకుపోతారు. మరునాడు ఇంకొకరు తలుపుకు తాళం వేసి, మూట నెత్తిన పెట్టుకుని పట్నం బస్సు ఎక్కుతారు. నల్లగొండ, పాలమూరు జిల్లాల వాళ్లకు ఈ తుఫాను గురించి నేను వేరే చెప్పనక్కరలేదు.

మా కథ నాకు బైబిల్లో మరో చోట దొరికింది. రాజుల మొదటి గ్రంథం, పదిహేడో అధ్యాయం. ఏలీయా ప్రవక్త అహాబు రాజు ముందు నిలబడి, ఇక వాన పడదని చెప్పి వస్తాడు. దేవుడే ఆయన్ను కెరీతు అనే వాగు దగ్గరికి పంపుతాడు. కాకోలాలు పొద్దున, సాయంత్రం రొట్టె, మాంసం తెచ్చి పెడతాయి. తాగడానికి వాగు నీళ్లు. అంతవరకు అందరికీ గుర్తుంటుంది, ఆదివారం బడిలో పిల్లలకు బొమ్మ గీసి చూపిస్తారు కూడా. ఆ తరువాత వచ్చే మాట మీద మాత్రం మనం ఎక్కువసేపు నిలవం. వానలు లేక కొన్నాళ్లకు ఆ వాగు ఎండిపోయింది.

దయచేసి ఆ మాట దగ్గర నాతో కాసేపు ఆగండి. ఆ వాగును చూపించింది దేవుడు. అక్కడికి పోయింది ఆయన మాట విన్న మనిషి. తప్పు చేసి దారి తప్పినవాడు కాదు, పొమ్మన్న చోటికే పోయినవాడు. అయినా వాగు ఎండింది. ఒక్క రోజులో కూడా కాదు. నిన్న మోకాలి లోతు, ఇవాళ చీలమండ, రేపు బండల మధ్య చిన్న మడుగు, ఎల్లుండి తడి ఇసుక. అలా తగ్గుతూ పోవడాన్ని ఏలీయా రోజూ కూర్చుని చూసి ఉండాలి. మా బిక్కేరు వాగు గట్టు మీద పెరిగినవాణ్ణి కాబట్టి ఆ చూడడం ఎట్లుంటుందో నాకు తెలుసు.

బిక్కేరు మూసీలో కలిసే వాగు. వాన పడితే ఒడ్డు ఒరిసి పారుతుంది. లేకపోతే ఇసుకే. 1972 కరువులో నాకు ఎనిమిదేళ్లు. ఊళ్లో బావులు అడుగంటాయి. అమ్మ తెల్లవారకముందే నన్ను లేపి, బిందె చంకన పెట్టుకుని వాగుకు తీసుకుపోయేది. ఇసుకలో ఒక చోటు చూసి కూర్చుని చేతులతో తవ్వేది. మూరెడు లోతుకు పోతే ఇసుక రంగు మారుతుంది, వేళ్లకు చల్లగా తగులుతుంది. ఇంకో జానెడు తవ్వితే పక్కల నుంచి నీళ్లు ఊరుతాయి. అదే చెలిమె. మొదట ఊరే నీళ్లు ఎర్రగా, బురద బురదగా ఉంటాయి. నేను తొందరపడి దోసిలి పెడితే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపేది. కొబ్బరి చిప్పతో ఆ నీళ్లన్నీ తోడి పారబోసేది. మళ్లీ ఊరే దాకా ఊరికే కూర్చునేది. మళ్లీ తోడేది. మూడోసారికో నాలుగోసారికో నీళ్లు తేటగా వచ్చేవి. అప్పుడు చిప్పతో ఒక్కొక్కటే ముంచి బిందె నింపడం. ఒక బిందె నిండడానికి తెల్లారిపోయేది.

ఆ ఏడు ఇంట్లో తిండి జొన్న గటక. అదీ ఒక పూట. అమ్మ పొయ్యి పక్కన గోడకు ఆనించి ఒక గురిగి ఉండేది. వండబోయే ముందు కొలిచిన జొన్నల్లోంచి ఒక పిడికెడు తీసి అందులో పోసేది. మన తెలుగు సంఘాల్లో పిడికెడు బియ్యం కానుక తెలియని ఇల్లు తక్కువ. ఆదివారం నాడు ఆడవాళ్లు ఆ మూటలు తెచ్చి బల్ల దగ్గర పెడతారు. మామూలు రోజుల్లో అది నాకు వింతగా ఉండేది కాదు. ఆ కరువులో మాత్రం కోపం వచ్చింది. "మనకే సాలుత లేవు గదనే, దేవునికెందుకు?" అని అడిగాను. అమ్మ నన్ను కసరలేదు. "దేవునికి గాదు బిడ్డా. మనకంటె లేనోళ్లు ఉంటరు గద. వాళ్ల పాలు మన కుండల ఉన్నది" అన్నది.

చాలా ఏళ్ల తరువాత, బడి పంతులునయ్యాక, ఆ పదిహేడో అధ్యాయం మళ్లీ చదువుతుంటే అమ్మ గురిగి గుర్తొచ్చి పుస్తకం మూసేశాను. వాగు ఎండిన తరువాత దేవుడు ఏలీయాను ఎక్కడికి పంపాడు? ధనవంతుని ఇంటికి కాదు, మరో వాగు దగ్గరికీ కాదు. సారెపతు అనే పరాయి ఊరిలో ఒక విధవరాలి గుమ్మానికి. ఆమె పుల్లలు ఏరుకుంటున్నది. ఇంట్లో ఉన్నది గుప్పెడు పిండి, కాస్త నూనె. అది కాల్చుకుని తానూ తన కొడుకూ తిని, ఇక చనిపోవడమేనని ఉన్నది. అలాంటి ఆమెను ఏలీయా ముందు తనకొక చిన్న రొట్టె అడిగాడు. ఆమె చేసి ఇచ్చింది. వాన పడే దాకా ఆ పిండి తరగలేదు, ఆ నూనె అయిపోలేదు.

ఇక్కడితో కథ అయిపోతే విశ్వాసం చాలా సులువైన సంగతి అయ్యేది. గుప్పెడు ఇచ్చాం, కుండ నిండింది. కొందరు ఇట్లాగే చెప్తారు కూడా. కానీ అధ్యాయం ఇంకా ఉంది. కొన్నాళ్లకు ఆమె కొడుకు జబ్బుపడి ఊపిరి వదిలాడు. కరువులో బతికించి, అన్నం దొరికాక చంపడమేమిటి? ఆమె ఏలీయాను నిలదీసింది, నా పాపాలు తవ్వి నా బిడ్డను తీసుకుపోవడానికి వచ్చావా అన్నట్టుగా. ఏలీయా దగ్గర జవాబు లేదు. పిల్లవాణ్ణి ఆమె ఒళ్లోంచి తీసుకుని మేడ మీదికి పోయి, ఆయన కూడా దేవుణ్ణి అదే ప్రశ్న అడిగాడు. పిల్లవాడు బతికాడు. అప్పుడు ఆమె, నీవు దేవుని మనిషివని, నీ నోట ఉన్నది సత్యమని ఇప్పుడు నాకు తెలిసింది అనే అర్థం వచ్చే మాట అన్నది.

ఆ 'ఇప్పుడు' అన్న మాట నన్ను ఏళ్ల తరబడి వదల్లేదు. రోజూ పొద్దున కుండలో చెయ్యి పెట్టి పిండి తీస్తూనే ఉన్నది గదా. అప్పుడు తెలియలేదా? తిన్నది, బతికింది, అద్భుతం కళ్లముందే ఉన్నది. అయినా ఆమె తెలిసింది అన్నది రెండో దెబ్బ తరువాత, దేవుని మనిషిని పట్టుకుని నిలదీసిన తరువాత. విశ్వాసం ఎదగడమంటే నాకు అర్థమైంది ఇదే. నిండిన కుండ దగ్గర మనకు కృతజ్ఞత పుడుతుంది, అది మంచిదే. కానీ దేవుణ్ణి నేరుగా ఎరగడం, ఆయన ముందు ఏడ్చి, అడిగి, ఎదురుచూసిన చోట మొదలవుతుంది.

మన నల్లగొండ సంఘాల చరిత్రలో కూడా ఒక పెద్ద వాగు ఎండింది. మనలో చాలామందికి ఆ సంగతి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

1889లో అబ్రహాం ఫ్రీసన్ అనే యువకుడు, భార్య మరియతో కలిసి మన దేశానికి బయలుదేరాడు. ఆయన అమెరికావాడూ కాదు, ఇంగ్లండువాడూ కాదు. అప్పటి రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్ దక్షిణ భాగంలో జర్మన్ మాట్లాడే మెన్నోనైట్ పల్లెలు ఉండేవి. గోధుమ పండించే రైతులు, యుద్ధంలో ఆయుధం పట్టరాదని నమ్మేవాళ్లు. ఆ పల్లెల నుంచి వచ్చినవాడు ఫ్రీసన్. నెల్లూరు, ఒంగోలులో అప్పటికే పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనుతో కలిసి, నిజాం రాజ్యంలోని నల్లగొండకు వచ్చి నిలిచాడు. ఆయన వెనక మరికొందరు అవే పల్లెల నుంచి వచ్చారు. నల్లగొండ, సూర్యాపేట, భువనగిరి, జనగామ. ఈ నాలుగు చోట్లా వాళ్ల కేంద్రాలు వెలిశాయి. పటం తీసి చూడండి, మా మోత్కూరు ఆ నాలుగింటి నడుమ ఉంటుంది. పాలమూరు వైపు నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి ప్రాంతాల్లో మెన్నోనైట్లలోనే బ్రదరన్ శాఖకు చెందిన విశ్వాసులు అమెరికా నుంచి వచ్చి పనిచేశారు. అది మరో పెద్ద కథ.

నల్లగొండ పనికి డబ్బు ఎక్కడినుంచి వచ్చేది? ఆ రష్యా పల్లెల రైతులు పంట అమ్ముకున్నాక ఇచ్చిన కానుకల నుంచి. 1914లో ప్రపంచ యుద్ధం వచ్చింది. దారి తెగింది. 1917లో విప్లవం, ఆ వెంట అంతర్యుద్ధం. ఆ పల్లెల మీద దోపిడీలు జరిగాయి, టైఫస్ జ్వరం వచ్చింది. 1921-22లో ఘోరమైన కరువు. ఒకప్పుడు మన దగ్గరికి కానుక పంపిన ఇళ్లవాళ్లు గిన్నె పట్టుకుని వరుసలో నిలబడ్డారు. వాళ్లకు అన్నం పెట్టడానికే అమెరికాలోని మెన్నోనైట్లు 1920లో ఒక కేంద్ర సంఘంగా ఏర్పడ్డారు. 1923 నుంచి దాదాపు ఇరవై వేల మంది కెనడాకు వలసపోయారు. మిగిలినవాళ్ల ప్రార్థన మందిరాలు స్టాలిన్ కాలంలో మూతపడ్డాయి.

ఊట దగ్గరే ఎండిపోయింది. మరి ఇక్కడ? నల్లగొండ సంఘాలు మూతపడలేదు. అమెరికన్ బాప్టిస్టులు భారం ఎత్తుకున్నారు, అది నిజం. దానితోపాటు నేను చెప్పదలచుకున్నది మరొకటి. ఊరూరా తిరిగిన తెలుగు బోధకులు, ఇళ్లలోకి పోయి ఆడవాళ్లకు చదువు చెప్పిన బైబిలు స్త్రీలు, వెట్టి చాకిరీ చేస్తూనే రాత్రి దీపం పెట్టుకుని కూటానికి వచ్చిన మాల మాదిగ కుటుంబాలు, వీళ్ల పేర్లు చరిత్ర పుస్తకాల్లో తక్కువ. ఎండిన వాగులో చెలిమె తవ్వినవాళ్లు వీళ్లే. ఎక్కడో గోధుమ రైతు ఇచ్చిన కానుక ఆగిన తరువాత ఇక్కడి పిడికెడు జొన్నలు మిగిలాయి.

ఒంగోలు సంగతి కూడా ఒక్కమాట చెప్పాలి, ఎందుకంటే అక్కడ ఒక మనిషి చేసిన పని మీద నాకు ఎంతో గౌరవం. 1876-78 పెద్ద కరువులో అక్కడి మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆయన తన దేశంలో సర్వేయరుగా పనిచేసినవాడు కాబట్టి ఆ పని తెలుసు. అదే సమయంలో బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి ఇస్తాం, గింజలు ఇస్తాం, బాప్తిస్మం మాత్రం ఇప్పుడు కాదు. ఆకలితో ఉన్నవాడు తీసుకునే నిర్ణయం అతని ఇష్టప్రకారం తీసుకున్నది కాకపోవచ్చని ఆయన భయం. కరువు సహాయం ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. నాకు ఆ సంఖ్య కంటే, అంతకుముందు గింజలకూ దేవునికీ ముడిపెట్టకుండా ఆగిన ఆ నెలలే ఎక్కువ విలువైనవి.

ఇక మా ఇంటి సంగతికి వస్తాను. అమ్మ పోయిన తరువాత, అన్న ఎవుసం చేసేవాడు. బోరు వేయించాడు. బోరు బండి రాత్రి వచ్చింది. మేమంతా చేను గట్టు మీద దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. బండి మోత కింద ఎవరి మాట ఎవరికీ వినపడదు. గొట్టం దిగుతున్న కొద్దీ తెల్లటి పొడి లేచి అందరి మీదా పడుతుంటుంది. అందరి కళ్లూ ఆ పొడి మీదే. అది కాస్త నల్లబడితే, ముద్దకడితే, నీళ్లున్నట్టు. నూరు అడుగులు, రెండు వందలు, మూడు వందలు. అన్న బండి అతని చెవిలో అరుస్తాడు, ఇంకో రాడ్డు దించమని. తెల్లారేసరికి మా జుట్టు, కనురెప్పలు, పక్కనున్న చెట్టు ఆకులు అన్నీ తెల్లగా ఉన్నాయి. పొడి తడవలేదు. అట్లా నాలుగు బోర్లు. నాలుగో దానికి వదిన పుస్తెలతాడు పోయింది. ఆ తరువాత అన్న హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా పోయాడు.

ఆ రోజుల్లో ఒక పెద్దమనిషి పరామర్శకు వచ్చి, "మీ విశ్వాసంల లోపమున్నది, అందుకే నీళ్లు పడలే" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడేమో. కానీ ఆ మాటకు అన్న మూడు నెలలు ఆరాధనకు రాలేదు. నాలుగు ఎండు బోర్లు చేయని పని ఆ ఒక్క మాట చేసింది.

సంఘ పెద్దలు, విశ్వాసులు ఎవరైనా వింటుంటే చేతులెత్తి అడుగుతున్నాను. కష్టంలో ఉన్నవాళ్ల ఇంటికి పోయినప్పుడు ఆ మాట అనకండి. యోబు స్నేహితులు వచ్చి ఏడు రోజులు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మేలు అదొక్కటే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాక చివరికి దేవుని చేతనే తప్పు అనిపించుకున్నారు. కారణం మనకు తెలియదు. నీళ్లు పడకపోవడానికి భూమి కింద బండ ఉంటుంది, వానలు తగ్గి ఉంటాయి, పక్కన పది బోర్లు ఉండి ఉంటాయి. పైగా సారెపతు విధవరాలి కొడుకు లేచాడు గానీ, మా వీధిలో కొడుకును పోగొట్టుకున్న తల్లి కొడుకు లేవలేదు. ఆమె విశ్వాసం తక్కువదని ఎవరనగలరు? ఇప్పటికీ ప్రతి ఆదివారం అందరికంటే ముందు వచ్చి మందిరం ఊడ్చేది ఆమే.

అలాగే అప్పుల బాధతో, దిగులుతో నిద్రపట్టనివాళ్లు ఎవరైనా ఈ మాటలు వింటుంటే, మీ మనసులోది ఎవరికైనా చెప్పండి. ఇంట్లోవాళ్లకు, పాస్టరు గారికి, డాక్టరుకు. ఎవరూ లేరనిపిస్తే 14416కు ఫోను చేయండి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ, డబ్బు పడదు. ప్రార్థన చేసేవాళ్లు మందు వాడితే విశ్వాసం తగ్గదు. సువార్త రాసిన లూకా వైద్యుడే కదా.

ఆరాధనకు రావడం మానేసిన అన్న మళ్లీ ఎట్లా వచ్చాడో చెప్తాను. నేను హైదరాబాదు పోయినప్పుడల్లా ఆ అపార్ట్‌మెంటు గేటు పక్కన అతని గదిలో కూర్చునేవాణ్ణి. నాకు ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఒకసారి హబక్కూకు గ్రంథం చదివి వినిపించాను. చిన్న పుస్తకం, మూడే అధ్యాయాలు. ఆ ప్రవక్త మొదలుపెట్టడమే నిష్ఠూరంతో మొదలుపెడతాడు. ఎన్నాళ్లు మొరపెట్టినా వినవేమని దేవుణ్ణి అడుగుతాడు. ఒకసారి జవాబు వస్తే ఒప్పుకోడు, మళ్లీ వాదిస్తాడు. చివరికి, అంజూరం పూయకపోయినా, పొలంలో గింజ పండకపోయినా, దొడ్డిలో పశువు లేకపోయినా దేవునిలోనే సంతోషిస్తానని పాడతాడు. అన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. తరువాత, "గీన మొదాలు గట్ల కొట్లాడెనారా దేవునితోని?" అన్నాడు. అవునన్నాను. "మరి మాకు ఎవ్వలు చెప్పలే, గట్ల అడగొచ్చని" అన్నాడు.

ఆ రాత్రి అన్న దేవునితో ఏం మాట్లాడాడో నాకు తెలియదు. పక్కన పడుకున్న నాకు, దుప్పటి కింద అతను కోపంగా గొణగడం మాత్రం వినిపించింది. శిష్యులు కూడా ఆ పడవలో ప్రభువును లేపినప్పుడు మర్యాదగా ప్రార్థన చేయలేదు. మేం చస్తుంటే నీకు పట్టదా అన్నట్టే అడిగారు. ఆయన ఆ అడగడానికే లేచాడు. ఇన్నాళ్లకు ఆ పడవ కథ కూడా నాది అయింది.

ఇప్పుడు అన్న మోత్కూరుకు తిరిగొచ్చి నాలుగేళ్లు. వదిన పొయ్యి పక్కన ఒక స్టీలు డబ్బా ఉంటుంది, అమ్మ గురిగి ఎప్పుడో పగిలిపోయింది. మొన్న ఎండాకాలం మనుమణ్ణి తీసుకుని అన్న, నేను బిక్కేరుకు పోయాం. వాడికి చెలిమె చూపించాలని. అన్న మోకాళ్ల మీద కూర్చుని తవ్వాడు. నీళ్లు ఊరగానే పిల్లవాడు చెయ్యి పెట్టబోయాడు. అన్న ఆ చెయ్యి పట్టుకుని ఆపి, "ఆగు బిడ్డా, ముందుగాల బురద నీళ్లు తోడిపొయ్యాలె" అన్నాడు.